పెళ్లి పూల ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

పూల ఎంపిక ఎక్కడ మొదలుపెట్టాలి? రంగుతోనా, పువ్వుతోనా?

రెండింటితోనూ కాదు. ఒక కాగితం తీసుకుని పూలు ఎక్కడెక్కడ పెడతారో ముందు రాసుకోండి: చేతిలో పట్టుకునే బొకే, మెడలో దండలు, జుట్టులో పూలు, వేదిక వెనక అలంకరణ, బల్లలు, ద్వారం, నడిచే దారి. ప్రతిదాని పక్కనా మూడు విషయాలు రాయండి. ఆ పూలు ఎన్ని గంటలకు అమరుస్తారు, ఎన్ని గంటల దాకా తాజాగా కనిపించాలి, ఆ సమయమంతా కాడకు నీరు అందుతుందా లేదా.

ఈ పట్టిక రాస్తే సగం ఎంపిక దానంతటదే అయిపోతుంది. తెల్లవారుజామున అమర్చి రాత్రి దాకా ఉండాల్సిన వేదికకు పనికొచ్చే పూలు వేరు, గంటసేపు చేతిలో ఉండే బొకేకు పనికొచ్చే పూలు వేరు. ఫొటోలో చూసి ముచ్చటపడిన పువ్వు మీ వేదిక మీద ఆరు గంటలు ఎండలో నిలబడుతుందో లేదో ఆ ఫొటో చెప్పదు. అది ఏసీ గదిలో, నీళ్లలోంచి అప్పుడే తీసి తీసిన ఫొటో కావచ్చు.

నీళ్లు లేకుండా ఎక్కువసేపు నిలిచే పూలు ఏవి? తొందరగా వాడిపోయేవి ఏవి?

కాడ కోసిన తర్వాత కూడా పువ్వు, ఆకులు ఆవిరి వదులుతూనే ఉంటాయి. నీటిలో ఉన్నంతసేపూ పోయినంత నీరు కాడ పైకి లాగుతుంది. నీటిలోంచి తీయగానే ఆ దారి మూసుకుపోతుంది, లోపల ఉన్న తేమతోనే పువ్వు బతకాలి. కాబట్టి రేకులు మందంగా, మైనం పూసినట్టు ఉన్న పూలు ఎక్కువసేపు ఆగుతాయి. పలుచగా, వెడల్పుగా ఉన్నవి ముందు వాలిపోతాయి.

బాగా ఆగేవి: ఆర్కిడ్లు, ఆంథూరియం, కార్నేషన్, చామంతి, బంతి, స్టాటిస్. ముందే నీళ్లు పట్టించి ఉంటే ఇవి నీడలో ఒక పూటంతా ఇబ్బంది పెట్టవు. జిప్సోఫిలా ఎండినా ఆకారం మారదు కాబట్టి అదీ ధైర్యంగా వాడొచ్చు.

మధ్యరకం: గులాబీ, లిల్లీ, ఆల్‌స్ట్రోమేరియా, లిసియాంథస్, రజనీగంధ. రాత్రంతా నీళ్లలో ఉంచితే నాలుగైదు గంటలు నిలుస్తాయి. ఎండ తగిలితే ఆ లెక్క సగమవుతుంది.

తొందరగా వాడిపోయేవి: హైడ్రాంజియా, స్వీట్ పీ, డాలియా, అప్పుడే కోసిన లేత ఆకులు. హైడ్రాంజియా గుత్తి నిండుగా, ఒక్కటే బోలెడంత చోటు నింపేలా ఉంటుంది కాబట్టి అందరూ అదే కావాలంటారు. దాన్ని కుండీలో నీళ్లలో ఉంచితే మంచిదే. నీళ్లు లేని తోరణంలో గుచ్చితే మాత్రం గంటలోపే రేకులు పలుచని కాగితంలా మెత్తబడిపోతాయి. అలా తప్పనిసరిగా వాడాలంటే ఒక్కో కాడకూ నీళ్లు నింపిన చిన్న గొట్టం తొడగాలి. ఆ గొట్టాల్లో పట్టేదే తక్కువ, హైడ్రాంజియా తాగేది ఎక్కువ. అందుకని మధ్యలో ఒకసారి నింపే మనిషిని కూడా ఏర్పాటు చేసుకోండి.

గార్డెనియా విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. రేకును వేలితో నొక్కితే చాలు, కాసేపటికి అక్కడ గోధుమరంగు మచ్చ పడుతుంది. తడి చేత్తో, కాడ మాత్రమే పట్టుకుని పని చేయాలి.

పూలు ఎన్ని రోజుల ముందు తెప్పించుకోవాలి?

పువ్వును బట్టి మారుతుంది. అన్నీ ఒకే రోజు తెప్పిస్తే సగం మొగ్గలుగా ఉంటాయి, సగం రాలిపోతాయి.

పెద్ద రేకుల లిల్లీలు బిగి మొగ్గల్లో వస్తాయి. విప్పారడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది కాబట్టి వాటిని అన్నిటికంటే ముందు తెప్పించండి. పియోనీలకు కూడా మూడు నాలుగు రోజులు కావాలి. గులాబీలు, కార్నేషన్లు, చామంతులు, ఆర్కిడ్లు రెండు మూడు రోజుల ముందు వస్తే సరిపోతుంది. జెర్బెరా, రజనీగంధ, హైడ్రాంజియా ముందు రోజు. మల్లె మాత్రం అదే రోజు. మల్లెమొగ్గలు తెల్లవారుజామున కోస్తారు, అవి సాయంత్రానికి విచ్చుకుంటాయి. పెళ్లి ఉదయమైతే మొగ్గల దండే ఉంటుంది, వాసన తక్కువ. రాత్రి పెళ్లికి అదే దండ విచ్చుకుని ఘుమఘుమలాడుతుంది.

గ్లాడియోలస్ తెస్తే నిలువుగానే మోయాలి, నిలువుగానే ఉంచాలి. పడుకోబెడితే కొసలు పైకి తిరిగి కాడ వంకరపోతుంది, తర్వాత సరిచేయడం కుదరదు. టులిప్ కోసిన తర్వాత కూడా కాడ పొడవు పెరుగుతుంది, వెలుతురు వైపు వంగుతుంది. ముందు రోజు సమంగా కట్టిన బొకేలో మర్నాటికి టులిప్‌లు మిగతా పూల కంటే రెండు మూడు సెంటీమీటర్లు పైకి రావడానికి కారణం అదే. వాటిని కాస్త లోపలికి దించి కట్టండి.

కొనేటప్పుడు తాజా పూలని ఎలా గుర్తించాలి?

గులాబీ మొగ్గను అడుగున, రేకులు కాడను కలిసే చోట, రెండు వేళ్లతో మెల్లగా నొక్కండి. గట్టిగా ఉంటే తాజా, మెత్తగా దిగితే పాతది. పైరేకుల అంచులో పచ్చగానో గోధుమగానో ఉన్నంత మాత్రాన వద్దనకండి. అవి లోపలి పువ్వును కాపాడే రేకులు, చాలాచోట్ల కావాలనే ఉంచుతారు. అమర్చే ముందు రెండు మూడు తీసేస్తే సరి.

చామంతి పువ్వు బాగున్నా ఆకులు ముందు వాడిపోతాయి కాబట్టి ఆకును చూడండి. జెర్బెరా మధ్యలోని వలయాలు అన్నీ విప్పారి పుప్పొడి రాలుతుంటే అది వయసైపోయినది. రజనీగంధ, గ్లాడియోలస్ కింద నుంచి పైకి విచ్చుకుంటాయి. కింద ఒకటి నుంచి మూడు పూలు రంగు చూపిస్తూ మిగతావి మొగ్గలుగా ఉన్న కాడలే తీసుకోండి. ఏ పువ్వుకైనా కాడ అడుగుభాగం జిగురుగా ఉన్నా, నీరు వాసన వస్తున్నా ఆ బకెట్ జోలికి వెళ్లకండి. ఆ జిగురు బాక్టీరియా. అది కాడలో నీటి దారిని మూసేస్తుంది.

పూలు ఇంటికి రాగానే ఏం చేయాలి?

ఈ ఒక్క పని సరిగా చేస్తే మామూలు పూలు కూడా బాగా నిలుస్తాయి, చేయకపోతే ఖరీదైనవి కూడా నిలవవు.

1. బకెట్లను సబ్బుతో, తర్వాత కొద్దిగా బ్లీచ్ కలిపిన నీటితో కడిగి ఆరబెట్టండి. పాత పూల జిగురు అంచుకు ఉన్నా కొత్త కాడలకు అంటుకుంటుంది.
2. నీటిలో మునిగే భాగంలో ఆకులన్నీ తీసేయండి. మునిగిన ఆకు ఒక్కరోజులో కుళ్లడం మొదలెడుతుంది. గులాబీ ముళ్లను గీకి తీసేటప్పుడు తొక్క ఊడకుండా చూడండి. గాయం పడిన చోటల్లా బాక్టీరియా చేరుతుంది.
3. పదునైన చాకుతో కాడ చివర రెండు మూడు సెంటీమీటర్లు ఏటవాలుగా కోయండి. మొద్దు కత్తెర కాడను నలిపేసి నీటి గొట్టాలను మూసేస్తుంది.
4. కోసిన క్షణాల్లో నీటిలో పెట్టండి. గాలిలో ఉంచితే కాడలోకి గాలి బుడగ చేరి నీటికి అడ్డుపడుతుంది.
5. బకెట్‌లో మూడో వంతు నీరు పోసి, చల్లగా, ఎండ, ఫ్యాన్ గాలి తగలని చోట కనీసం నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచండి.

జెర్బెరాకు మాత్రం ఎక్కువ నీరు పోయకండి. దాని కాడ నూగుతో మెత్తగా ఉంటుంది, లోతు నీటిలో కుళ్లుతుంది. ఐదు నుంచి పది సెంటీమీటర్లు చాలు. డాఫొడిల్స్‌ను కొన్ని గంటలు విడిగా ఉంచాలి, వాటి కాడల నుంచి కారే జిగురు పక్క పూలను పాడుచేస్తుంది. తర్వాత కలిపేటప్పుడు మళ్లీ కాడ కోయకూడదు, కోస్తే జిగురు మళ్లీ కారుతుంది.

పూలకు వేసే పొడి ప్యాకెట్ దొరికితే, దాని మీద రాసిన కొలత నీటికే కలపండి. సగం నీటికి పొడంతా వేస్తే ఆకు అంచులు మాడతాయి. సగం పొడి వేస్తే అందులోని చక్కెర బాక్టీరియాకు మేత అవుతుంది, దాన్ని చంపే మందు చాలదు. ఉత్త శుభ్రమైన నీరే అంతకంటే నయం.

గులాబీ తల వాల్చేసింది. పారేయాలా?

వెంటనే పారేయకండి. పువ్వు కింద మెడ వంగిందంటే ఎక్కువసార్లు కాడలో గాలి బుడగో, బాక్టీరియా జిగురో అడ్డుపడిందన్నమాట. కాడ చివర మరో మూడు సెంటీమీటర్లు కోసి, పువ్వును మెడ నిటారుగా ఉండేలా కాగితంలో గట్టిగా చుట్టి, గోరువెచ్చని నీటిలో మెడ దాకా ముంచండి. ఒకటి రెండు గంటల్లో చాలావరకు లేస్తాయి. అప్పటికీ లేవకపోతే ఆ పువ్వు ఇక లేవదు, రేకులు తీసి వాడుకోండి.

హైడ్రాంజియా వాడిపోతే వేరే పద్ధతి. అది రేకుల ద్వారా కూడా నీరు పీలుస్తుంది. కాడ కొత్తగా కోసి, గుత్తి మొత్తాన్ని తలకిందులుగా చల్లని నీటిలో అరగంట నుంచి ముప్పావు గంట ముంచి తీస్తే మళ్లీ నిగనిగలాడుతుంది.

ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

పండ్లు ఉన్న ఫ్రిజ్‌లో వద్దు. పండిన అరటి, ఆపిల్ వంటివి ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. పూలు దాన్ని ముదిరే సంకేతంగా తీసుకుంటాయి. కార్నేషన్ రేకులు లోపలికి ముడుచుకుపోతాయి, ఆర్కిడ్లు మెత్తబడి రాలతాయి, జిప్సోఫిలా ముడుచుకుంటుంది. పండ్లు పూర్తిగా తీసేసి, తుడిచి, ఒక రోజు ఖాళీగా ఉంచిన ఫ్రిజ్ అయితే ఫర్వాలేదు. గులాబీలు, కార్నేషన్లు, చామంతులు రెండు నుంచి ఐదు డిగ్రీల దగ్గర బాగుంటాయి.

వేడి ప్రాంతాల పూలు దీనికి పూర్తిగా భిన్నం. ఆర్కిడ్, ఆంథూరియం, హెలికోనియా, బర్డ్ ఆఫ్ ప్యారడైజ్ పది డిగ్రీల కింద ఉంటే దెబ్బతింటాయి. రేకులు నీలుక్కుపోయి నల్లటి మచ్చలు వస్తాయి. ఆ మచ్చలు బయటకు తీసిన చాలాసేపటికి గాని కనబడవు కాబట్టి, ఎందుకొచ్చాయో కూడా తెలియదు. వీటిని చల్లని గదిలో ఉంచితే చాలు.

ఎన్ని పూలు కావాలో ఎలా లెక్కేయాలి?

గుండ్రటి గులాబీ బొకే ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్ల వెడల్పుతో రావాలంటే ఇరవై నుంచి ఇరవై అయిదు గులాబీలు పడతాయి. మధ్యలో చిన్న పూలు, ఆకులు కలిపితే పన్నెండు పదిహేను గులాబీలతో సరిపోతుంది. పది సెంటీమీటర్ల మూతి ఉన్న కుండీకి పన్నెండు నుంచి పదిహేను కాడలు.

వేదిక వెనక గోడకైతే విస్తీర్ణం కొలిచి లెక్కేయండి. విప్పారిన గులాబీ తల సుమారు ఐదున్నర సెంటీమీటర్లు. ఒక మీటరులో పద్దెనిమిది పూలు పక్కపక్కన పడతాయి. అంటే సందు లేకుండా నింపితే ఒక చదరపు మీటరుకు పద్దెనిమిదిని పద్దెనిమిదితో గుణించి 324 పూలు. ఆరున్నర సెంటీమీటర్ల కార్నేషన్ అయితే 225. పది సెంటీమీటర్ల పెద్ద చామంతి అయితే 100. గోడలో సగం ఆకులతో నింపితే ఈ అంకెలన్నీ సగానికి తగ్గుతాయి. అలంకరణ చేసేవాళ్లు ఇచ్చే అంచనా ఈ లెక్కకు చాలా దూరంగా ఉంటే, ఎక్కువైనా తక్కువైనా, కారణం అడగండి.

దండలకు అంచనా కట్టాలంటే ముందు ముప్పై సెంటీమీటర్లు కట్టించి, దానికి పట్టిన పూలు లెక్కపెట్టి, మొత్తం పొడవుకు గుణించండి. బంతి పూల సైజు ఒక్కో రాశికి ఒక్కోలా ఉంటుంది, పుస్తకం లెక్క పనిచేయదు. ఏ లెక్కకైనా పది నుంచి పదిహేను శాతం అదనంగా చెప్పండి. దారిలో విరిగేవి, విప్పారనివి, మచ్చలున్నవి ఆ పాటి ఉంటాయి.

దండలు తడిపి ఉంచాలా?

కొద్దిగా తడిపిన పలుచని గుడ్డలో చుట్టి, గాలి ఆడే బుట్టలో ఉంచండి. బంతి, చామంతి దండల మీద నీళ్లు గుమ్మరిస్తే రేకుల మధ్య నీరు నిలిచి లోపల కుళ్లుతుంది. పైకి బాగానే ఉంటుంది, మెడలో వేయగానే రేకులు గుత్తులుగా రాలతాయి. మల్లెమొగ్గ నీటిలో నానితే అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఉంచడం అన్నిటికంటే చెడ్డది. లోపల వేడి, ఆవిరి చేరి రెండు మూడు గంటల్లోనే పూలు ఉడికినట్టవుతాయి.

దండ బరువు కూడా చూసుకోండి. లావుగా కట్టిన గులాబీ దండ మెడలో వేసుకుని గంటసేపు నిలబడేవాళ్లకు ఆ బరువు తెలుస్తుంది. మెడ వెనక వచ్చే భాగం పలుచగా, మెత్తటి పూలతో లేదా రిబ్బన్‌తో కట్టించండి. ఫొటోలో ఆ భాగం కనపడదు, ఒరుసుకోవడం మాత్రం తగ్గుతుంది.

ఏ రంగులు ఎప్పుడు బాగుంటాయి?

వెలుతురును బట్టి నిర్ణయించండి. ముదురు ఎరుపు, ముదురు ఊదా, నీలం పూలు పగటి వెలుతురులో అందంగా ఉంటాయి, రాత్రి మసక దీపాల్లో నల్లటి గుంటల్లా కనిపిస్తాయి. పసుపు కాంతినిచ్చే దీపాల కింద నీలం, ఊదా మట్టిరంగుకు తిరుగుతాయి. రాత్రి వేడుకకు తెలుపు, క్రీమ్, లేత గులాబీ, పసుపు, నారింజ ఎంచుకోండి. ఊదా కావాల్సిందే అంటే పక్కనే లేత రంగు పూలు పెట్టండి, అంచులు విడిగా తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం ఉత్త తెలుపు ఫొటోలో రేకుల గీతలు లేకుండా వెలిసిపోతుంది, క్రీమ్ మేలు.

వస్త్రం ముక్క ఒకటి తీసుకెళ్లి, పువ్వును దాని పక్కన పెట్టి, అదే తరహా వెలుతురులో చూడండి. ఫోన్ తెర మీద చూసి రంగు ఖాయం చేయకండి.

రంగు వేసిన పూలు, ముఖ్యంగా నీలం గులాబీలు, నీలం ఆర్కిడ్లు, తడి తగిలితే బట్టలకు రంగు అంటిస్తాయి. తెల్ల గుడ్డతో రేకును తుడిచి చూసి, రంగు దిగితే వాటిని బొకేలో పెట్టకండి.

బల్లల మీద పూలు ఎంత ఎత్తుండాలి?

ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒకరినొకరు చూసుకోవాలి. అమరిక మొత్తం ఎత్తు ముప్పై సెంటీమీటర్ల లోపు ఉంచండి, లేదా సన్నటి స్తంభం మీద పూలు అరవై సెంటీమీటర్ల పైన మొదలయ్యేలా పెట్టండి. ఈ రెంటికీ మధ్యలో పెడితే సరిగ్గా ముఖాలకు అడ్డం.

ఘాటైన వాసన, అలెర్జీ సంగతి?

మూసిన హాలులో నలభై కాడల రజనీగంధ గానీ, ఓరియెంటల్ లిల్లీలు గానీ పెడితే గంటలోపే కొందరికి తలనొప్పి మొదలవుతుంది. ఇలాంటివి ద్వారం దగ్గర, ఆరుబయట పెట్టండి. తినే బల్లల మీద వాసన లేనివి ఉంచండి. పుప్పొడి పడనివాళ్లు ఉంటే చామంతి కుటుంబం పూలు, అంటే చామంతి, జెర్బెరా, పొద్దుతిరుగుడు, వాళ్లకు దూరంగా ఉంచాలి. గులాబీ, ఆర్కిడ్, హైడ్రాంజియాలతో ఈ బాధ తక్కువ.

లిల్లీ పుప్పొడి బట్టలకు అంటితే ఎలా?

నీళ్లు తగిలించకండి, చేత్తో రుద్దకండి. రెండూ మరకను నూలులోకి దించుతాయి. సెలోటేప్ జిగురు వైపు మెల్లగా అద్ది ఎత్తండి, మిగిలింది ఎండలో కాసేపు ఉంచితే చాలావరకు వెలిసిపోతుంది. అసలు రాకుండా చేసే పద్ధతి ఇంకా తేలిక. మొగ్గ విచ్చుకుంటుండగానే, పుప్పొడి పొడిపొడిగా మారకముందే, మధ్యలోని ఆరు పుప్పొడి తిత్తులను కాగితంతో పట్టి లాగేయండి. ప్రతి ఉదయం కొత్తగా విచ్చుకున్నవి చూసుకోవాలి.

దారిలో చల్లే ముదురు ఎరుపు రేకులు కూడా కాలి కింద నలిగితే లేత తివాచీకి, నేలకు మరక చేస్తాయి. నున్నటి నేల మీద తడి రేకులు జారతాయి, మడమల చెప్పులు వేసుకున్నవాళ్లకు అది ప్రమాదం. నడిచే భాగం వదిలేసి, అంచుల్లోనే చల్లండి.

విషపూరితమైన పూలు ఉంటాయా?

ఉంటాయి. లిల్లీ ఆఫ్ ది వ్యాలీ, గన్నేరు, ఫాక్స్‌గ్లోవ్ గుండె మీద పనిచేసే విషాలున్న మొక్కలు. తినే పదార్థాల దగ్గర, చిన్న పిల్లలకు అందేచోట అసలు పెట్టకండి. కేకు మీద పువ్వు పెట్టాలంటే తినడానికని మందులు కొట్టకుండా పెంచినదే కావాలి. పూల దుకాణంలో దొరికేవి అందుకు పెంచినవి కావు. ఇంట్లో పిల్లి ఉంటే లిల్లీలు ఇంట్లోకి తేవొద్దు. ఆకు, పుప్పొడి, చివరకు కుండీలో నీళ్లు తాగినా పిల్లుల మూత్రపిండాలు దెబ్బతింటాయి.

పచ్చటి ఫోమ్ వాడాలా?

నీరు పీల్చుకుని, కాడలు గుచ్చడానికి వీలయ్యే ఈ దిమ్మ కుండీ లేనిచోట పూలకు నీరందించడానికి సులువైన దారి. ఇటుక ఆకారంలోని ఒక మామూలు దిమ్మ, సుమారు 23 సెంటీమీటర్ల పొడవు ఉండేది, రెండు లీటర్ల దాకా నీరు పడుతుంది. దాన్ని నీటి మీద వదిలేయండి, దానంతటదే మునగనివ్వండి. చేత్తో నొక్కితే పైన తడిసి లోపల పొడి గాలి ఉండిపోతుంది. అక్కడ గుచ్చిన కాడకు నీరు అందదు, మిగతావి బాగుండగా అదొక్కటే వాడిపోతుంది. ఒకసారి గుచ్చిన కాడను వెనక్కి లాగితే కింద ఖాళీ ఏర్పడుతుంది కాబట్టి, తీసి వేరే చోట కొత్తగా గుచ్చండి. ఎండిపోయిన ఫోమ్ మళ్లీ నీరు పట్టదు.

ఫోమ్ ప్లాస్టిక్, మట్టిలో కలవదు, పొడిగా రాలి నీటిలో చేరుతుంది. కుండీలు, పళ్లాలు వాడే చోట కోళ్ల గూళ్లకు వాడే తీగల వలను ముద్దగా నొక్కి పెట్టడమో, మేకుల పీట (కాడలు గుచ్చి నిలబెట్టే చిన్న పీట) వాడటమో మేలు. ఈ రెండూ మళ్లీ మళ్లీ పనికొస్తాయి.

ఖర్చు తగ్గించాలంటే?

ఆ కాలంలో పూసే పూలు తీసుకోండి. పువ్వు పేరు పట్టుబట్టకుండా రంగు, సైజు, ఆకారం చెప్పండి. పియోనీ దొరక్కపోతే నిండైన తోట గులాబీ, అదీ లేకపోతే కార్నేషన్లు ఐదారు కలిపి ముద్దగా కట్టినది దూరం నుంచి తేడా తెలియదు. ఒప్పందంలోనే "ఈ పువ్వు దొరక్కపోతే ఇది" అని రాయించుకుంటే చివరి రోజు గొడవ ఉండదు. పూలను పది చోట్ల పలుచగా పెట్టే కంటే, అందరూ చూసే రెండు మూడు చోట్ల నిండుగా పెట్టండి.

పెళ్లయ్యాక బొకే దాచుకోవాలంటే?

అదే రోజు లేదా మర్నాడే మొదలుపెట్టాలి, వాడిపోయాక ఎండబెడితే గోధుమరంగే మిగులుతుంది. చీకటిగా, గాలి ఆడే గదిలో తలకిందులుగా వేలాడదీస్తే గులాబీలు రెండు మూడు వారాల్లో ఎండుతాయి. ఆకారం, రంగు ఇంకా బాగుండాలంటే డబ్బాలో సిలికా జెల్ పొడి పోసి, పువ్వును అందులో పూర్తిగా పూడ్చి మూత బిగించండి, దాదాపు వారంలో తయారవుతుంది. లిల్లీలు, ఆర్కిడ్లలో నీరు ఎక్కువ, వేలాడదీస్తే కుళ్లుతాయి. మిగతా పూలు ఎరువు గుంతలో వేసే ముందు తీగలు, గుండుసూదులు, రిబ్బన్లు, ఫోమ్ ముక్కలు ఏరి తీసేయండి.